ఫోనులో వేధింపులు: పిల్లలు ఎందుకు చెప్పరు? పెద్దలం ఏం చెయ్యాలి?

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు మన వీధుల్లో చాలా ఇళ్లకు మొదటి స్మార్ట్‌ఫోను పాఠాల పేరుతోనే వచ్చింది. కొందరు అప్పు చేసి కొన్నారు. కొందరికి గల్ఫ్‌లో ఉన్న అబ్బా పంపించాడు. కొందరికి మీలాంటి దాతలు కొనిచ్చారు. తర్వాత బడులు తెరిచారు, కానీ ఫోన్లు పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ ఫోన్ల వెంట ఇంట్లోకి వచ్చిన ఒక కష్టం గురించి ఈ వ్యాసం. దాన్ని సైబర్ బుల్లీయింగ్ అంటున్నారు. మనం సైబర్ వేధింపు అనుకుందాం.

నేను కడప జిల్లాలో 27 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బీఈడీలో పిల్లల మనస్తత్వం గురించి చదివిన పుస్తకాల్లో ఈ మాట లేదు. దీని గురించి నేర్చుకున్నది పిల్లల దగ్గరే. అది కూడా ఒక తప్పు చేసిన తర్వాత నేర్చుకున్నాను. ముందు ఆ తప్పు చెబుతాను.

ఒక స్టిక్కర్‌తో మొదలైంది

2021 ఆగస్టులో బడులు తెరిచాక నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. లెక్కల్లో చురుకైన పిల్ల. తండ్రి కువైట్‌లో డ్రైవరు. రోజూ ఇషా నమాజు అయ్యాక ఇమోలో వీడియో కాల్ చేసేవాడు. ఇంటికంతా ఒకటే ఫోను. ఆన్‌లైన్ క్లాసుల కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులోంచి టీచర్లం బయటికి వచ్చేశాం. పిల్లలు దాన్ని అలాగే ఉంచుకున్నారు.

2022 జనవరి 26న జెండా వందనం అయ్యాక తరగతి ఫోటో తీశాం. అందులో ఆ పిల్ల కళ్లు సగం మూసి, నోరు తెరిచి ఉంది. ఎవరో ఆమె ముఖం ఒక్కటే కత్తిరించి స్టిక్కర్ చేశారు. కింద ఒక పేరు తగిలించారు. ఆమె క్లాసులో ఒక ప్రశ్నకు జవాబు చెప్పిన రోజు సాయంత్రం గ్రూపులో ఆ స్టిక్కర్ ముప్పై సార్లు వచ్చేది. మూడు వారాల తర్వాత అదే ముఖాన్ని ఒక అబ్బాయి ఫోటో పక్కన అతికించి, మధ్యలో గుండె బొమ్మ పెట్టారు. అది చేతులు మారి మారి ఆమె చాచా ఫోనుకు చేరింది.

తల్లి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఏం చెయ్యమంటారు మేడం?" అని అడిగింది. నేను ఆలోచించలేదు. "ముందు ఆ ఫోను తీసేసుకోండమ్మా" అన్నాను. టీచరు చెప్పిన మాట కదా, ఆ రాత్రే తీసేసుకున్నారు. స్టిక్కర్లు మాత్రం ఆగలేదు. గ్రూపులో ఏం వస్తోందో ఆమెకు కనిపించడం ఒక్కటే ఆగింది. కనిపించనిది ఊహలో ఇంకా పెద్దదైంది. తండ్రితో ఏకాంతంగా మాట్లాడుకునే ఆ పది నిమిషాలు కూడా పోయాయి. పదిహేను రోజులకు బడి మాన్పించారు. పరువు విషయం అన్నారు.

స్టిక్కర్ చేసిన ముగ్గురూ మరుసటి ఏడాది పదో తరగతి పరీక్ష రాశారు. స్టిక్కర్‌లో ఉన్న పిల్ల రాయలేదు.

ఏది వేధింపు, ఏది కాదు

పిల్లలన్నాక కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, మళ్లీ కలిసి తింటారు. ప్రతి తగాదానూ వేధింపు అనకూడదు. నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి బడుల్లో వేధింపులను పరిశీలించి మూడు గుర్తులు చెప్పాడు. ఒకటి, బాధపెట్టాలనే ఉద్దేశం ఉండాలి. రెండు, అది పదే పదే జరగాలి. మూడు, ఇద్దరి బలం సమానంగా ఉండకూడదు. అంటే ఎదుటి పిల్ల తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉండాలి.

ఫోనులో ఈ మూడు గుర్తులూ రూపు మార్చుకుంటాయి. బడిలో బలం అంటే కండబలం. ఫోనులో ఫేక్ ఐడీ చాటున ఉన్నవాడికే బలం. బడిలో పదే పదే అంటే రోజూ ఏడిపించడం. ఫోనులో ఒక్కసారి పెట్టిన ఫోటో వంద మంది ఫార్వార్డ్ చేస్తే వంద సార్లు జరిగినట్టే. "నేను ఒక్కసారే పెట్టాను మేడం" అని పిల్లవాడు నిజమే చెబుతాడు. కానీ బాధపడిన పిల్ల లెక్క వేరు.

మా బడిలో, చుట్టుపక్కల బడుల్లో నేను చూసినవి చెబుతాను. ఒక పిల్ల ఫోటోతో స్టిక్కర్లు, మీమ్‌లు చెయ్యడం. ఆమె పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరిచి ఇతరులకు మెసేజ్‌లు పంపడం. స్నేహంగా ఉన్నప్పుడు చెప్పుకున్న రహస్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం. ఒక్కరిని మాత్రం వదిలేసి మిగతా క్లాసంతా కొత్త గ్రూపు పెట్టుకోవడం. తండ్రి చేసే పనిని, ఒంటి రంగును, మాట యాసను, బురఖాను ఎగతాళి చేస్తూ రీల్స్ చెయ్యడం. ఇప్పుడు వీటికి తోడు, ముఖం ఉన్న ఫోటో ఒక్కటి దొరికితే నకిలీ నగ్న చిత్రం తయారుచేసే యాప్‌లు వచ్చాయి. "నా కూతురు అలాంటి ఫోటో ఎప్పుడూ దిగదు" అనే ధీమా ఇక పనికిరాదు. డీపీలో ఉన్న మామూలు ఫోటో చాలు.

మన సమాజానికి ఈ గాయం కొత్త కాదు. 2021 జులైలో సుల్లీ డీల్స్, 2022 జనవరిలో బుల్లీ బాయి అనే పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను వారికి తెలియకుండా ఇంటర్నెట్‌లో వేలానికి పెట్టినట్టు చూపించారు. నిజంగా వేలం లేదు. అవమానించడమే దాని పని. బుల్లీ బాయి కేసులో అరెస్టయినవారిలో 21 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ఉన్నాడు, 18 ఏళ్ల అమ్మాయి ఉంది. టీచరుగా నాకు ఆ వయసులు చూస్తేనే భయం వేసింది. రెండు మూడేళ్ల కిందటి వరకు వాళ్లు ఏదో ఒక బడిలో బెంచీ మీద కూర్చున్న పిల్లలే. బడిలో స్టిక్కర్ దగ్గర ఆపకపోతే అది ఎంత దూరం పోగలదో ఆ కేసు చూపించింది.

గేటు దాటినా ఆగదు

నా చిన్నప్పుడు ఏడిపించే పిల్లలు లేరని కాదు. కానీ సాయంత్రం గంట కొట్టాక ఇంటికి వస్తే అది అక్కడికి ఆగిపోయేది. ఇంట్లో అమ్మీ ఉండేది, నానీ ఉండేది. ఇప్పుడు వేధింపు దిండు కింద ఉంటుంది. రాత్రి పదకొండింటికి కూడా ఫోను వణుకుతుంది. సెలవులు లేవు, పండగ లేదు.

ఇంకో తేడా సాక్షుల సంఖ్య. తరగతిలో నలభై మంది నవ్వుతారు. ఫోనులో ఎంతమంది చూశారో తెలియదు. అందుకే వీధిలో నడిచే పిల్లకు ఎదురొచ్చే ప్రతివాడూ ఆ ఫోటో చూసినవాడిలాగే కనిపిస్తాడు. బడి మార్చినా ఇది వదలకపోవచ్చు. కెనడాలో అమాండా టాడ్ అనే 15 ఏళ్ల అమ్మాయి 2012లో ప్రాణం తీసుకుంది. ఆమె ఫోటోను అడ్డం పెట్టుకుని ఒకడు బెదిరించాడు. ఆమె బడులు మారింది. వాడు ఇంటర్నెట్‌లో వెంటాడుతూనే ఉన్నాడు. ఎక్కడో నెదర్లాండ్స్‌లో ఉన్న ఆ మనిషిని 2022లో కెనడా కోర్టు దోషిగా తేల్చింది.

మూడో తేడా, కొట్టేవాడికి ఏడుపు కనిపించదు. ఎదురుగా ఉన్న పిల్ల కళ్లలో నీళ్లు చూస్తే చాలామంది పిల్లలు ఆగిపోతారు. వేలితో నొక్కి పంపినప్పుడు ఆ నీళ్లు కనిపించవు. మనిషి మెదడులో ముందు ఆలోచించి తర్వాత చేసే శక్తికి కేంద్రమైన ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాకగానీ పూర్తిగా ఎదగదు. అందుకే మంచి కుటుంబాల పిల్లలు కూడా ఇలాంటివి చేస్తారు. ఇది చదువుతున్న మన ఇళ్లలోనూ బాధపడే పిల్ల ఉండవచ్చు, బాధపెట్టే పిల్లవాడూ ఉండవచ్చు. ఒక్కోసారి ఇద్దరూ ఒకరే. ఒక గ్రూపులో దెబ్బ తిన్న పిల్లవాడు ఇంకో గ్రూపులో దెబ్బ కొడతాడు.

ఆ దెబ్బ నిజంగా నొప్పి పెడుతుంది

"ఫోనులో ఎవడో ఏదో అంటే ఏమైంది? చూడకుండా ఉంటే సరి" అనే పెద్దలు చాలామంది ఉన్నారు. వారి కోసం ఒక ప్రయోగం చెబుతాను. 2003లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు మనుషులను స్కానింగ్ యంత్రంలో ఉంచి కంప్యూటరులో బంతాట ఆడించారు. ఇంకో ఇద్దరు ఆడుతున్నారని చెప్పారు. కాసేపటికి ఆ ఇద్దరూ బంతిని తమలో తామే విసురుకుంటూ ఇతనికి ఇవ్వడం మానేశారు. నిజానికి ఆ ఇద్దరు మనుషులే కారు, అది కంప్యూటరు ఏర్పాటు. అయినా ఆటలోంచి వెలివేయబడినప్పుడు మెదడులో శరీరానికి దెబ్బ తగిలితే స్పందించే భాగమే స్పందించింది. అపరిచితులతో ఆడే ఉత్తుత్తి బంతాటలోనే అంత ఉంటే, తన క్లాసు వాళ్లే తనను తీసేసి గ్రూపు పెట్టుకున్న పిల్ల సంగతి ఆలోచించండి.

2019లో యునిసెఫ్ 30 దేశాల్లో 13 నుంచి 24 ఏళ్ల లోపు వారిని అడిగింది. ముగ్గురిలో ఒకరు తాము ఆన్‌లైన్‌లో వేధింపుకు గురయ్యామన్నారు. ఐదుగురిలో ఒకరు దానివల్ల బడి ఎగ్గొట్టామన్నారు. చదువు కోసం డబ్బు ఇచ్చే మనకు ఈ రెండో మాట ముఖ్యం. పిల్ల బడి మానడానికి ఎప్పుడూ పేదరికమే కారణం కాకపోవచ్చు.

బయటికి కనిపించే గుర్తులు ఇలా ఉంటాయి. రాత్రి నిద్ర ఉండదు. పొద్దున బడి టైముకు కడుపునొప్పి, తలనొప్పి అంటారు, డాక్టరు చూస్తే ఏమీ ఉండదు. మార్కులు ఒక్కసారిగా తగ్గుతాయి. ఫోను మోగగానే ఉలిక్కిపడతారు, మనం దగ్గరికి వస్తే తెర తిప్పేస్తారు. లేదా ప్రాణంగా చూసుకునే ఫోనును ఉన్నట్టుండి ముట్టుకోరు. పెళ్లిళ్లకు, బంధువుల ఇళ్లకు రామంటారు. మగపిల్లలైతే ఏడవడానికి బదులు తమ్ముణ్ని కొడతారు, తల్లి మీద అరుస్తారు. ఇవన్నీ వయసు చేష్టలే కావచ్చు. కానీ రెండు మూడు కలిసి, రెండు వారాలు దాటితే పక్కన కూర్చుని అడగాల్సిందే. దీర్ఘకాలం సాగితే ఇది దిగులు జబ్బుగా, ఆందోళనగా మారుతుంది. "నేను లేకపోతే బాగుండు" వంటి మాట పిల్ల నోట వస్తే దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

పిల్లలు ఎందుకు చెప్పరు

బడి మానిన ఆ అమ్మాయి రెండేళ్ల తర్వాత ఓపెన్ స్కూలులో పదో తరగతి పాసై, మార్కుల జాబితా చూపించడానికి మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ నేనే అడిగాను, "మొదటి రోజే నాకెందుకు చెప్పలేదమ్మా?" అని. తల వంచుకుని అంది: "చెబితే ఫోను తీసేస్తారని చెప్పలేదు మేడం. చివరికి మీరే తీసేయించారు."

ఆ మాట నా 27 ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం. పిల్ల మౌనానికి కారణం వేధించేవాడి భయం ఒక్కటే కాదు. పెద్దల భయం కూడా. ఆమె మనసులో లెక్క చాలా సరిగ్గా ఉంటుంది: 'ఇప్పుడు నాకు ఒక బాధ ఉంది. చెబితే ఫోను పోతుంది. అన్నయ్యకు తెలిస్తే గొడవ అవుతుంది. బడి మాన్పిస్తారు. సంబంధాలు చూడడం మొదలుపెడతారు.' చెప్పకపోతే ఒక నష్టం, చెబితే నాలుగు నష్టాలు. ఏ పిల్ల అయినా ఒకటే ఎంచుకుంటుంది.

వేధించేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. "మీ ఇంట్లో చెబుతా" అన్న బెదిరింపుకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? మన నుంచే వస్తుంది. ఇంట్లో తెలిసినా ఏమీ కాదు అని పిల్లకు నమ్మకం ఉన్న రోజున ఆ బెదిరింపు చెల్లని నోటు అవుతుంది.

మొదటి గంటలో ఏం చెయ్యాలి

పిల్ల వచ్చి చెప్పినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాటతోనే సగం పని అవుతుంది, లేదా చెడుతుంది. "నువ్వెందుకు ఫోటో పెట్టావు?" అనకండి. "నువ్వు చెప్పడం మంచిదైంది. తప్పు నీది కాదు. నీ ఫోను తీసుకోను, నీ బడి మాన్పించను" అనండి. అలా అన్న తర్వాత ఆ మాట మీద నిలబడండి.

తర్వాత సాక్ష్యం భద్రం చెయ్యాలి. కోపంతో అన్నీ డిలీట్ చెయ్యడం మనం చేసే పెద్ద పొరపాటు. మెసేజ్‌లు, పంపిన నంబరు లేదా ఐడీ, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి. ఖాతా లింకు రాసిపెట్టుకోవాలి. ఒక జాగ్రత్త: పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల అశ్లీల చిత్రం ఏదైనా ఉంటే దాన్ని సాక్ష్యం పేరుతో కూడా బంధువులకు, టీచర్లకు, గ్రూపులకు పంపకండి. అలాంటిది పంపడమే నేరం. ఆ ఫోనునే నేరుగా పోలీసులకు చూపించండి.

వేధించేవారికి జవాబు ఇవ్వకూడదు. జవాబు కోసమే వాళ్లు ఎదురుచూస్తారు. స్క్రీన్‌షాట్లు తీశాక బ్లాక్ చెయ్యాలి, యాప్‌లోనే రిపోర్ట్ చెయ్యాలి. డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఇస్తే అడగడం ఆగదు, పెరుగుతుంది.

ఫోటోను తీసివేయించడానికి దారులున్నాయి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి, వేరొకరి పేరుతో పెట్టినవి అయితే బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లోగా సోషల్ మీడియా కంపెనీలు తొలగించే చర్య తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనల్లో గడువు పెట్టారు. పిల్లల చిత్రాల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ 2023 నుంచి ఉంది. అందులో మనం ఫోటోను ఎవరికీ పంపనక్కర్లేదు. ఆ ఫోటో మన ఫోనులోనే వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తుగా మారుతుంది. ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ గుర్తుతో పోల్చి తమ దగ్గర ఆ చిత్రం ఉంటే తొలగిస్తాయి. పెద్దవారి చిత్రాలకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవ ఇలాగే పనిచేస్తుంది.

అవతలివారు బడి పిల్లలే అయితే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా చెప్పండి. అన్నయ్యలను, మామూలను తీసుకుని అవతలి ఇంటి మీదికి వెళ్లవద్దు. అలా వెళ్తే పిల్లల విషయం వీధి తగాదా అవుతుంది, కొన్నిచోట్ల రెండు వర్గాల తగాదా కూడా అవుతుంది. ఆ మంటలో ముందు కాలిపోయేది మన పిల్ల చదువే.

చట్టం ఏం చెబుతోంది

సైబర్ బుల్లీయింగ్ అనే పేరుతో మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కానీ అందులో జరిగే పనుల్లో చాలావరకు నేరాలే. ఐటీ చట్టం 2000 ప్రకారం ఒకరి పాస్‌వర్డును దొంగతనంగా వాడితే 66సి, వేరొకరిలా నటించి మోసం చేస్తే 66డి, అనుమతి లేకుండా ఒకరి మర్మాంగాల చిత్రం తీసి పంచితే 66ఇ సెక్షన్లు వర్తిస్తాయి. వీటికి మూడేళ్ల వరకు జైలు ఉంది. పిల్లల అశ్లీల చిత్రాలకు 67బి కింద మొదటిసారి ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ స్త్రీలను వెంటాడడం గురించి. ఇంటర్నెట్‌లో వెంటాడడమూ అందులో ఉంది. బెదిరింపులకు 351వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. "బడి పరువు" అని టీచర్లం దాచడం కుదరదు.

తప్పు చేసినవాడు కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాడైతే బాలల న్యాయ మండలి ముందుకు వెళ్తాడు. అక్కడ ముందు చూసేది పిల్లవాణ్ని బాగుచెయ్యడం ఎలా అని. కాబట్టి ఫిర్యాదు చేస్తే ఎవరి జీవితమో నాశనమవుతుందని వెనకాడనక్కర్లేదు.

ఈ నంబర్లు ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోండి. సైబర్ నేరాలకు 1930. ఫిర్యాదు రాయడానికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. అందులో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన కొన్ని ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. అత్యవసరమైతే 112. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలిమానస్ 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. తెలంగాణలో ఉన్నవారికి 2014 నుంచి పోలీసు షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

చూస్తూ ఊరుకునేవారు

నా తరగతిలో స్టిక్కర్ చేసింది ముగ్గురు. గ్రూపులో ఉన్నది ముప్పై ఎనిమిది మంది. మిగతా ముప్పై నలుగురు ఏం చేశారు? కొందరు నవ్వే బొమ్మ పెట్టారు. ఎక్కువమంది ఊరికే చూశారు. బాధపడిన పిల్లకు మాత్రం ముప్పై ఏడుగురూ ఒక్కటయ్యారు అనిపించింది.

ఫిన్‌లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం వారు బడుల కోసం కివా అనే కార్యక్రమం తయారుచేశారు. వేధించేవాణ్ని శిక్షించడం మీదే కాకుండా, చూస్తున్నవారిని మార్చడం మీద అది దృష్టి పెడుతుంది. చూసేవారు నవ్వడం మానితే ఆట సాగదు అనేది దాని సారం. ఇప్పుడు నా తరగతిలో ఏడాది మొదట్లోనే మూడు పనులు నేర్పిస్తున్నాను. ఒకటి, ఫార్వార్డ్ చెయ్యకు. రెండు, బాధపడిన వారికి విడిగా "నేను నీ వైపే" అని ఒక్క మెసేజ్ పెట్టు. మూడు, ఒక పెద్దవారికి చెప్పు. గ్రూపులో అందరినీ ఎదిరించే ధైర్యం పద్నాలుగేళ్ల పిల్లకు ఉండకపోవచ్చు. విడిగా ఒక మెసేజ్ పెట్టే ధైర్యం చాలామందికి ఉంటుంది.

మన పిల్లలకు ఇది కొత్త నీతిగా చెప్పనక్కర్లేదు. ఎగతాళి చెయ్యడం, ఎత్తిపొడవడం, మారుపేర్లు పెట్టి పిలవడం, అనుమానించడం, ఆరాలు తియ్యడం, వెనక మాట్లాడడం, వీటన్నిటినీ సూరా హుజురాత్ 11, 12 ఆయతుల్లో వారించిన సంగతి వాళ్లు మదర్సాలో చదివే ఉంటారు. ఆ నియమం గ్రూపుకు, స్టేటస్‌కు, స్టిక్కర్‌కు కూడా వర్తిస్తుందని ఎవరైనా కలిపి చెప్పాలి. ఒక జుమా రోజున పది నిమిషాలు దీనికి కేటాయిస్తే నా ఏడాది పాఠాల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

దాతలకు ఒక విన్నపం

2024 అసర్ నివేదిక ప్రకారం మన దేశంలో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. ఆ ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలోనూ ఒక ఖాతాను బ్లాక్ చెయ్యడం లేదా రిపోర్ట్ చెయ్యడం తెలిసినవారు 62 శాతమే. అంటే బండి నడపడం వచ్చు, బ్రేకు ఎక్కడుందో పదిమందిలో నలుగురికి తెలియదు.

మీరు ఇచ్చే స్కాలర్‌షిప్పుతో, ట్యాబుతో, ఫోనుతో పాటు ఇంకొన్ని చిన్న సాయాలు జత చెయ్యమని కోరుతున్నాను. ఫోను ఇచ్చే రోజున పిల్లను, తల్లిని కూర్చోబెట్టి ఒక గంట సేపు ఖాతా ప్రైవేటుగా పెట్టడం, బ్లాక్ చెయ్యడం, స్క్రీన్‌షాట్ తియ్యడం చేయించి చూపించాలి. తల్లులకు అర్థమయ్యేలా ఉర్దూలో, తెలుగులో చెప్పాలి. సొసైటీ తరఫున ఇద్దరు నమ్మకమైన బాజీల నంబర్లు ఆడపిల్లలకు ఇవ్వాలి. పిల్ల చెప్పిన సంగతి ఆమె అనుమతి లేకుండా ఇంటికి చేరదు అనే నమ్మకం ఉండాలి. చట్టం చెప్పమన్న సందర్భంలో మాత్రం ముందు పిల్లకే చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని వెళ్లాలి. అవసరమైన పిల్లలకు కౌన్సెలర్ ఫీజు కోసం ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఖర్చులేని పని. ఇలాంటి గొడవలో పేరు వినిపించిందని ఏ పిల్లకూ స్కాలర్‌షిప్పు ఆపవద్దు. ఆ తల్లిదండ్రులు బడి మాన్పించాలనుకుంటే సొసైటీ పెద్దలు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి, "చదువు ఆపకండి, మేము ఉన్నాం" అని చెప్పాలి. 2022లో ఆ పిల్ల ఇంటికి ఎవరైనా అలా వెళ్లి ఉంటే, నేనైనా వెళ్లి ఉంటే, ఆమెకు రెండేళ్లు పోయేవి కావు.

ఇప్పుడు ఏటా జూన్‌లో కొత్త తరగతికి మొదటి రోజు నేను ఒక మాట ఇస్తున్నాను. "ఫోనులో మీకు ఏం జరిగినా నాకు చెప్పవచ్చు. మీ ఫోను తీసెయ్యమని మీ ఇంట్లో చెప్పను." కిందటి ఏడాది ముగ్గురు పిల్లలు వచ్చి చెప్పారు. అంతకు ముందు 20 ఏళ్లకు పైగా నా దగ్గరికి వచ్చి చెప్పిన పిల్లలు ఎవరూ లేరు. ముగ్గురూ ఇప్పుడు బడిలోనే ఉన్నారు. ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలకు మీరు కూడా అదే మాట ఇచ్చి చూడండి.